ఆపమని ఎవరూ చెప్పని విటమిన్

ప్రశ్న: మా మామయ్యగారికి 72 ఏళ్లు. లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. మోకాళ్ల నొప్పులని కిందటేడు ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, విటమిన్ డి తక్కువుందని వారానికొక 60 వేల యూనిట్ల క్యాప్సూల్, రోజుకు రెండు కాల్షియం మాత్రలు రాశారు. అవి ఇప్పటికీ వేసుకుంటూనే ఉన్నారు. సంక్రాంతికి డాలస్ నుంచి వచ్చిన మా మరిది డి3 సీసా ఒకటి (5000 యూనిట్లు), యాభై దాటిన మగవాళ్ల మల్టీవిటమిన్ సీసా ఒకటి ఇచ్చి వెళ్లాడు. అవీ రోజూ వేసుకుంటున్నారు. బీపీ మాత్ర ఎప్పటి నుంచో ఉంది. రెండు నెలలుగా ఆకలి లేదంటున్నారు. విరేచనం సరిగా కావడం లేదు. రాత్రి నాలుగైదుసార్లు పాసుకు లేస్తున్నారు. పేపరు కూడా పూర్తిగా చదవకుండా కునికిపాట్లు పడుతున్నారు. మావారు మాత్రం "వయసు కదా, విటమిన్ ఎక్కువైతే మూత్రంలో పోతుంది, టెన్షన్ పడకు" అంటున్నారు. ఆయనకు షుగరు. మెట్‌ఫార్మిన్‌తో పాటు నరాల బలానికని ఒక క్యాప్సూల్ మూడేళ్లుగా వేసుకుంటున్నారు. నేను జుట్టు రాలుతోందని బయోటిన్ 10 ఎంజీ మొదలుపెట్టాను. ఈమధ్య నా థైరాయిడ్ టెస్టులో టీఎస్‌హెచ్ బాగా తక్కువ, టీ4 ఎక్కువ అని వచ్చింది. ఇంతకుముందు ఎప్పుడూ లేదు. ఇవన్నీ మానేయాలా?
– ఒక కోడలు, తెనాలి

జవాబు: అమ్మా, మిగతా సంగతులు తర్వాత. ముందు మామయ్యగారి పని చూడండి. ఈ రోజు నుంచే డి క్యాప్సూల్, డాలస్ సీసాలు రెండూ, కాల్షియం మాత్రలు పక్కన పెట్టించండి. రేపు ఉదయం ల్యాబ్‌కు తీసుకెళ్లి సీరం కాల్షియం, ఆల్బుమిన్ (రక్తంలోని ప్రోటీన్), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), విటమిన్ డి పరీక్షలు చేయించండి. వీటికి పెద్ద ఖర్చు ఉండేది విటమిన్ డి ఒక్కదానికే. అది మరునాటికి వచ్చినా ఫర్వాలేదు. కాల్షియం, క్రియాటినిన్ మాత్రం రేపు సాయంత్రంలోగా చేతికి రావాలి. ఈలోగా వాంతులు మొదలైనా, మాట తడబడినా, మనిషిని లేపితే గానీ లేవని మగతలో ఉన్నా, ల్యాబ్ రిపోర్టు కోసం ఆగకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఎందుకింత తొందర పెడుతున్నానంటే, మీరు రాసిన నాలుగు లక్షణాలూ కలిసి ఒకే వైపు చూపిస్తున్నాయి. ఆకలి పోవడం, మలబద్ధకం, పదేపదే మూత్రం, మగత. ఒక్కొక్కటి విడిగా చూస్తే వయసు మీదో ప్రోస్టేట్ మీదో తోసేయొచ్చు. నాలుగూ కలిసి, అదీ ఏడాదికి పైగా 60 వేల యూనిట్లు వేసుకుంటున్న మనిషిలో కనిపిస్తే, రక్తంలో కాల్షియం పెరిగిందేమోనని అనుమానించకుండా ఉండలేం. పెరగకపోయి ఉండొచ్చు కూడా. ఆ మాట చెప్పాల్సింది రిపోర్టు. వయసు కదా అని మనం చెప్పుకునే మాట కాదు.

డి విటమిన్ చేసే ముఖ్యమైన పని, మనం తిన్న దాంట్లోని కాల్షియాన్ని పేగుల నుంచి రక్తంలోకి లాగడం. అది అవసరానికి మించి ఉంటే కాల్షియం కూడా అవసరానికి మించి వచ్చి పడుతుంది. దాన్ని బయటికి పంపే భారం కిడ్నీల మీద పడుతుంది. ఎక్కువ కాల్షియంతో సతమతమయ్యే కిడ్నీ నీటిని పట్టి ఉంచలేదు. అందుకే రాత్రి నాలుగైదుసార్లు లేవడం. ఒంట్లో నీళ్లు తగ్గేకొద్దీ కాల్షియం ఇంకా చిక్కబడుతుంది, కిడ్నీ ఇంకా దెబ్బతింటుంది. పేగుల కండరాలు మందగిస్తాయి, విరేచనం కాదు. మెదడు మసకబారుతుంది. ముసలాయన పేపరు మధ్యలో కునుకు తీస్తే ఎవరు పట్టించుకుంటారు? మీరు పట్టించుకున్నారు, మంచిపని చేశారు.

ఇప్పుడు లెక్క చూద్దాం. వారానికి 60 వేలంటే రోజుకు సుమారు 8,570 యూనిట్లు. డాలస్ సీసా 5,000. ఆ వయసు వాళ్ల మల్టీవిటమిన్లలో సాధారణంగా ఇంకో వెయ్యి దాకా ఉంటుంది. కాల్షియం మాత్రలో ఉత్త కాల్షియం ఒక్కటే ఉంటుందనుకోకండి. మన దగ్గర అమ్మే వాటిలో చాలావరకు డి3 కూడా కలిపే ఉంటుంది, మాత్రకు 250 యూనిట్లు అనుకున్నా రోజుకు రెండంటే 500. అన్నీ కలిపితే రోజుకు 15 వేల పైచిలుకు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం అరవై దాటిన వాళ్లకు కావాల్సింది 800 యూనిట్లు. డాక్టరు చెప్పకుండా దాటకూడని గీత 4,000. ఈ గీతకు దాదాపు నాలుగు రెట్లు మామయ్యగారు రోజూ తీసుకుంటున్నారు.

15 వేలు వేసుకున్న ప్రతివాళ్లకూ విషమవుతుందని కాదు. కొందరికి ఏమీ కాదు. కానీ ఆయన విషయంలో ఇంకో రెండు తోడయ్యాయి. ఒకటి, పైనుంచి కాల్షియం మాత్రలు. రెండోది బీపీ మాత్ర. దాని పేరు చివర హెచ్ అనో సీటీ అనో ఉందేమో చూసి పెట్టుకోండి. హెచ్ అంటే హైడ్రోక్లోరోథయజైడ్, సీటీ అంటే క్లోర్‌థాలిడోన్ కలిసిందని అర్థం. ఈ రెండూ మంచి బీపీ మందులే. అయితే కాల్షియాన్ని మూత్రంలో పోనివ్వకుండా ఆపుతాయి. మూడూ కలిస్తే కాల్షియం లోపలికి వచ్చే దారి బార్లా తెరిచి, పోయే దారి సగం మూసినట్టే. అలాగని బీపీ మాత్ర మీరే ఆపేయకండి. పేరు రాసుకెళ్లి డాక్టరుకు చూపించండి, మార్చాలో లేదో ఆయన చూస్తారు. గుండెకు డిగాక్సిన్ వాడుతుంటే అది కూడా ముందే చెప్పాలి. కాల్షియం పెరిగినప్పుడు ఆ మందు ప్రమాదకరంగా మారుతుంది.

ఇంకో చిన్న పని. వారానికొకటే వేసుకుంటున్నారా అన్నది ఆయన్ని అడగడమే కాదు, స్ట్రిప్ చూసి నిర్ధారించుకోండి. ఈ 60 వేల క్యాప్సూళ్లు ఎక్కువగా నాలుగేసి, ఎనిమిదేసి ఉన్న స్ట్రిప్పుల్లో వస్తాయి. నాలుగు క్యాప్సూళ్ల స్ట్రిప్ నెల రోజులు రావాలి. మెడికల్ షాపు బిల్లులు తీసి చూడండి, నెలకు రెండు మూడు స్ట్రిప్పులు కొన్నట్టుంటే కథ వేరే ఉంది. పాలల్లో కలుపుకునే డి విటమిన్ పొడి ప్యాకెట్లను హార్లిక్స్ లాగా రోజూ తాగినవాళ్లున్నారు. చీటీలో 'వారానికి' అన్న మాట చిన్న అక్షరాల్లో ఉంటుంది, మిగతా మందులన్నీ రోజూ వేసుకునేవే ఉంటాయి, ఇది కూడా ఆ డబ్బాలోనే కలిసిపోతుంది. మన దేశంలో డి విటమిన్ వికటించిన కేసుల్లో తరచూ కనిపించేవి ఇవే. వారానిది రోజూ వేసుకోవడం, లేదా ఒక డాక్టరు 6 లక్షల యూనిట్ల ఇంజెక్షన్ ఇచ్చాక ఇంకో డాక్టరు దగ్గర మళ్లీ అదే చేయించుకోవడం. కాశ్మీర్ డాక్టర్లయితే ఇలాంటి కేసులను వరుసగా చేర్చి వైద్యపత్రికలో ప్రచురించారు.

ఎముకల డాక్టరును కూడా నేను తప్పు పట్టను. తక్కువున్నప్పుడు వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు ఇవ్వడం మామూలు పద్ధతే. ఎనిమిది వారాలంటే మొత్తం 4 లక్షల 80 వేల యూనిట్లు. ఏడాది పొడవునా అంటే 31 లక్షల 20 వేలు. మందు ఒకటే, జబ్బు ఒకటే, తేడా అంతా ఆపిన తేదీలో ఉంది. చీటీ తీసి చూడండి, బహుశా దాని మీద ఎనిమిది వారాలనే ఉండి ఉంటుంది. మొదలుపెట్టమని చెప్పడానికి డాక్టరున్నారు, అయిపోతే ఇవ్వడానికి మెడికల్ షాపు ఉంది, కొత్తవి తెచ్చిపెట్టడానికి డాలస్‌లో కొడుకున్నాడు. ఆపమని చెప్పడానికే ఎవరూ లేరు. బలం మందును ఆపడమేమిటి, ఎంత వాడితే అంత మంచిది కదా అన్న నమ్మకం మన ఇళ్లలో గట్టిది. యాంటీబయోటిక్‌ను ఐదు రోజులకు మించి ఒక్క మాత్ర వేసుకోమంటే భయపడేవాళ్లు, ఇదైతే ఏళ్ల తరబడి మింగేస్తారు.

మూత్రంలో పోతుందన్న మీవారి మాటలో సగం నిజముంది. బి విటమిన్లు, సి విటమిన్ నీళ్లలో కరుగుతాయి. ఎక్కువైనవి చాలావరకు మూత్రంలో పోతాయి. బి కాంప్లెక్స్ వేసుకున్న రోజు మూత్రం ముదురు పసుపు రంగులో వస్తుందే, అది బి2. ఆ రంగు చూసే జనానికి ఈ ధీమా వచ్చిందేమో. కానీ ఎ, డి, ఇ, కె అనే నాలుగూ కొవ్వులో కరిగేవి. వాటిలో డి పాతరేసిన ధాన్యంలా ఒంటి కొవ్వులో నిల్వ ఉండిపోతుంది. ఈ రోజు ఆపినా రక్తంలో దాని మోతాదు సగానికి రావడానికే రెండు మూడు వారాలు పడుతుంది. బాగా ఎక్కువున్న వాళ్లలో నెలల తరబడి సాగుతుంది. అందుకే ఒకవేళ కాల్షియం పెరిగిందని తేలితే, ఒకసారి సెలైన్ పెట్టించుకుని ఇంటికొచ్చేయడంతో అయిపోదు. డాక్టరు చెప్పినన్నాళ్లు మళ్లీ మళ్లీ పరీక్ష చేయించాలి.

రిపోర్టు వచ్చాక ఎలా చదవాలో కూడా చెబుతాను. కాల్షియం మామూలుగా 8.5 నుంచి 10.5 ఎంజీ/డీఎల్ మధ్య ఉంటుంది, ల్యాబును బట్టి కొంచెం అటూ ఇటూ. ఆల్బుమిన్ తక్కువగా ఉంటే అసలు కాల్షియం పైకి కనిపించిన దానికన్నా ఎక్కువే అన్నమాట. అందుకే ఆ పరీక్ష కూడా చేయించమన్నాను. విటమిన్ డి 150 ఎన్‌జీ/ఎంఎల్ దాటితే విషమయ్యే స్థాయిగా లెక్కేస్తారు. డి అంత లేకుండా కాల్షియం మాత్రమే ఎక్కువుంటే దాన్ని విటమిన్ మీదకి తోసేసి ఊరుకోకూడదు. ఆ వయసులో పారాథైరాయిడ్ గ్రంథి జబ్బు, కొన్ని క్యాన్సర్లు కూడా కాల్షియాన్ని పెంచుతాయి. పీటీహెచ్ అనే పరీక్ష, ఇంకొన్ని కావాల్సి వస్తాయి. కాల్షియం మామూలుగా ఉంటే సంతోషం. అప్పుడు ఆ నాలుగు లక్షణాలకు వేరే కారణం వెతకాలి, షుగరు, థైరాయిడ్, ప్రోస్టేట్ నుంచి మొదలుపెట్టి. ఏదైనా సరే, వయసు అని మాత్రం వదిలేయకండి.

డాలస్ సీసా గురించి రెండు మాటలు. అమెరికా లేబుళ్ల మీద ఇప్పుడు డి విటమిన్‌ను మైక్రోగ్రాముల్లో వేస్తున్నారు, పక్కన యూనిట్లు చిన్నగా ఉంటాయి. 125 ఎంసీజీ అని చూసి, "నూట పాతికే కదా, మన 60 వేల ముందు ఇదెంత" అనుకోవడం తేలిక. ఒక మైక్రోగ్రాము 40 యూనిట్లు. 125ను 40తో గుణిస్తే 5000. లేబుల్ పైన 'సర్వింగ్ సైజ్' అన్న చోట ఒకటని ఉందా రెండని ఉందా కూడా చూడాలి, కొన్ని సీసాల్లో అంకెలన్నీ రెండు గోళీలకు కలిపి ఇస్తారు. ఇంకోటి. అమెరికా సరుకంటే అన్నీ ప్రభుత్వం పరీక్షించి వదిలినవేనని మనవాళ్లకో నమ్మకం. మందులకైతే నిజమే. సప్లిమెంట్లకు మాత్రం 1994 చట్టం ప్రకారం అమ్మే ముందు అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదం అక్కర్లేదు. మన దగ్గర కూడా వీటిలో చాలా సీసాలు మందుల లైసెన్సు కింద కాదు, ఆహార లైసెన్సు కింద వస్తున్నాయి. సీసా మీద మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉందంటే అది ఆహారం లెక్కలోకి వచ్చిందని.

మరి మోకాళ్ల సంగతేమిటని మామయ్యగారు అడుగుతారు. అరిగిన మోకాలికి విటమిన్ డి మందు కాదు. తక్కువున్నప్పుడు సరిచేయడం వేరు, సరిపోయాక కూడా పోస్తూ ఉండటం వేరు. అమెరికాలో 25,871 మందికి ఐదేళ్లకు పైగా సగం మందికి రోజుకు 2,000 యూనిట్లు, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. 2018లో తేలిందేమంటే గుండెపోటు తగ్గలేదు, క్యాన్సర్ రావడం తగ్గలేదు. 2022లో ఎముకల లెక్క కూడా తీశారు, విరగడాలూ తగ్గలేదు. ఆస్ట్రేలియాలో డెబ్బై దాటిన ఆడవాళ్లకు ఏడాదికోసారి 5 లక్షల యూనిట్లు ఒకేసారి ఇచ్చిన అధ్యయనమైతే ఇంకా విచిత్రం. 2010లో వచ్చింది. ఆ డోసు తీసుకున్నవాళ్లే ఎక్కువగా జారిపడ్డారు, వాళ్ల ఎముకలే ఎక్కువగా విరిగాయి. ఎముక బలానికని ఇచ్చింది ఎముకనే విరగ్గొట్టింది. కాబట్టి మోకాళ్లకు తొడ కండరాల వ్యాయామం, బరువు తగ్గడం, ఫిజియోథెరపీ. కొంచెం విసుగు పుట్టించే సలహాలే గానీ పనిచేసేవి అవే.

ఇక మీవారి క్యాప్సూల్. మెట్‌ఫార్మిన్ చాలాకాలం వాడితే బి12 తగ్గుతుంది, అది నిజం. కాబట్టి బి12 వేసుకోవడంలో అర్థముంది, ఏడాదికోసారి బి12 పరీక్ష చేయించుకోవడంలో ఇంకా అర్థముంది. నాకున్న అభ్యంతరం ఆ క్యాప్సూల్‌లో బి12తో పాటు కలిపే ఇంకో నాలుగైదింటి మీద. స్ట్రిప్ వెనక పైరిడాక్సిన్ అన్న చోట ఎంతుందో చూడమనండి. అదే బి6. మనకు రోజుకు కావాల్సింది రెండు మిల్లీగ్రాముల చుట్టూ. కొన్ని మాత్రల్లో రెండు మూడు ఎంజీలే ఉంటుంది, అది ఫర్వాలేదు. కొన్నింట్లో దానికి పది, ఇరవై రెట్లుంటుంది. బి6 ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే నరాలే దెబ్బతింటాయి. 1983లో అమెరికా డాక్టర్లు ఏడుగురి గురించి రాశారు. రోజుకు 2 నుంచి 6 గ్రాముల బి6 మింగి, కాళ్లూ చేతులూ మొద్దుబారి, కళ్లు మూస్తే అడుగు వేయలేని స్థితికి వచ్చినవాళ్లు. అది పెద్ద మోతాదు. తర్వాత తర్వాత చాలా తక్కువ మోతాదుతోనూ కొందరికి వచ్చిందని తెలిసి, అమెరికా 100 ఎంజీ దగ్గరే ఉన్నా యూరప్ వాళ్లు 2023లో హద్దును రోజుకు 12 ఎంజీకి దించేశారు.

షుగరు ఉన్నవాళ్లకు ఇక్కడో చిక్కుంది. అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు షుగరు వల్ల వస్తాయి, బి12 తగ్గినా వస్తాయి, బి6 ఎక్కువైనా వస్తాయి. తిమ్మిర్లు పెరిగాయని చెబితే ఇంకో నరాల మాత్ర రాస్తారు, అందులోనూ బి6 ఉంటుంది. మీవారికి తిమ్మిర్లు ఉన్నాయో లేవో మీరు రాయలేదు. ఉంటే మూడేళ్లలో పెరిగాయా తగ్గాయా అడగండి. ఎలాగైనా ఆ కలగూరగంప క్యాప్సూల్ బదులు, అవసరమైతే ఉత్త బి12 మాత్రమే రాయమని డాక్టర్ని అడగమనండి. ఫోలిక్ యాసిడ్ ఒక్కటే విడిగా ఎక్కువ వేసుకోవడం కూడా మంచిది కాదు. బి12 లోపం వల్ల వచ్చిన రక్తహీనత దాంతో పైకి సర్దుకుంటుంది గానీ నరాలకు జరిగే నష్టం లోలోపల జరుగుతూనే ఉంటుంది.

మీ థైరాయిడ్ రిపోర్టుకు వస్తే, మందు మొదలుపెట్టే ముందు బయోటిన్ ఆపి మళ్లీ పరీక్ష చేయించుకోండి. థైరాయిడ్ నిజంగా పెరిగిందా, బయోటిన్ పరీక్షను తప్పుదారి పట్టించిందా అన్నది మీ రిపోర్టు చూసి చెప్పలేం. చాలా ల్యాబుల్లో థైరాయిడ్ పరీక్షకు వాడే కిట్లు బయోటిన్ అతుక్కునే గుణం మీదే పనిచేస్తాయి. రక్తంలో మీరు మింగిన బయోటిన్ తేలుతుంటే టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగా, టీ4 ఉన్నదానికన్నా ఎక్కువగా చూపిస్తుంది. అంటే లేని హైపర్ థైరాయిడ్ కాగితం మీద కనిపిస్తుంది. సరిగ్గా మీకు వచ్చినట్టే. కనీసం రెండు రోజులు ఆపాలంటారు, మీరు వారం ఆపండి, జుట్టుకు ఏమీ కాదు. ల్యాబ్‌లోనూ డాక్టరుకూ చెప్పండి. గుండెదడ, చేతులు వణకడం, బరువు తగ్గడం ఉంటే మాత్రం వారం ఆగకుండా డాక్టర్ని కలవండి.

ఇందులో థైరాయిడ్ కన్నా పెద్ద ప్రమాదం ఇంకోటుంది. గుండెపోటు వచ్చిందో లేదో చూసే ట్రోపోనిన్ పరీక్షను కూడా బయోటిన్ కొన్ని కిట్లలో తక్కువ చేసి చూపిస్తుంది. అమెరికా ఎఫ్‌డీఏ 2017లో దీని మీద హెచ్చరిక జారీ చేసింది, అలా తప్పు ఫలితం వచ్చి ఒకరు చనిపోయిన సంగతి కూడా అందులో ఉంది. ఇంట్లో ఎవరు జుట్టు గోళీలు తింటున్నా ఎమర్జెన్సీలో ఆ మాట ముందు చెప్పాలి. మీ 10 ఎంజీ అంటే 10 వేల మైక్రోగ్రాములు. ఒంటికి కావాల్సింది రోజుకు 30 మైక్రోగ్రాములు. మూడు వందల రెట్లకు పైన. బయోటిన్ లోపం నిజంగా ఉండే మనుషులు చాలా అరుదు. ఆడవాళ్లకు జుట్టు రాలితే ముందు చూడాల్సినవి హీమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), (సరైన) థైరాయిడ్ రిపోర్టు. మూడు నెలల కిందట టైఫాయిడో డెంగీయో ప్రసవమో అయ్యుంటే దానంతటదే ఆగుతుంది కూడా.

మీరు అడగకపోయినా, డాలస్ మల్టీవిటమిన్ సీసా చూస్తే గుర్తొచ్చినవి కొన్ని. మామయ్యగారికి సిగరెట్, చుట్ట, బీడీ ఏ అలవాటు ఉన్నా, ఇంతకుముందు ఉండి మానేసినా బీటా కెరోటిన్ మాత్రలు వద్దు. ఫిన్లాండ్‌లో 29 వేల మంది పొగతాగే మగవాళ్ల మీద పరీక్ష చేస్తే, 1994లో వచ్చిన ఫలితం చూసి అందరూ నివ్వెరపోయారు. క్యాన్సర్ రాకుండా ఇచ్చిన బీటా కెరోటిన్ తీసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది. క్యారెట్ తింటే కాదు, మాత్రతోనే. విటమిన్ ఇ 400 యూనిట్ల గోళీలు మన దగ్గర ముఖానికి రాసుకోవడానికీ, మింగడానికీ విచ్చలవిడిగా వాడతారు. అమెరికాలో మగవాళ్లకు అదే మోతాదు ఏళ్ల తరబడి ఇస్తే ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువైనట్టు 2011లో తేలింది. గుండెకు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లకు విటమిన్ ఇ ఎక్కువైతే రక్తస్రావం భయం కూడా ఉంది. గుండెకు వాల్వు వేయించుకుని, రక్తం గడ్డకట్టకుండా అసిట్రోమ్ లాంటివి వాడేవాళ్లు మల్టీవిటమిన్‌లో కె ఉందేమో చూసుకోవాలి, అది మందు పనిని తగ్గిస్తుంది.

కరోనా రోజుల్లో మొదలుపెట్టి ఇప్పటికీ జింక్ మాత్ర, సి విటమిన్ చప్పరించే గోళీ వేసుకుంటున్నవాళ్లు మీ చుట్టాల్లో ఉంటే వాళ్లకూ చెప్పండి. జింక్ 50 ఎంజీ చొప్పున నెలల తరబడి వేసుకుంటే ఒంట్లో రాగి తగ్గిపోతుంది, రక్తం తగ్గుతుంది, కాళ్లు తిమ్మిరెక్కుతాయి. కిడ్నీలో రాళ్లున్నవాళ్లకు సి విటమిన్ పెద్ద మోతాదులు పనికిరావు.

కడుపుతో ఉన్నవాళ్ల దగ్గర విటమిన్ ఎ గోళీలు, చేప కాలేయం నూనె క్యాప్సూళ్లు ఉండకూడదు, బిడ్డకు అవకరం వచ్చే ప్రమాదముంది. ఎ విటమిన్ ఎంత గట్టిదో తెలియాలంటే 1597 నాటి సంగతి ఒకటుంది. ఆర్కిటిక్ మంచులో చిక్కుకున్న డచ్చి నావికులు ధ్రువపు ఎలుగుబంటి కాలేయం వండుకుని తిన్నారు. ముగ్గురికి చావు తప్పింది గానీ నెత్తి నుంచి అరికాళ్ల దాకా తోలు ఊడిపోయింది. ఆ కాలేయంలో ఎ విటమిన్ అంత పేరుకుని ఉంటుంది. మన అంగన్‌వాడీల్లో పిల్లలకు ఆరు నెలలకోసారి పోసే 2 లక్షల యూనిట్ల ఎ విటమిన్ సురక్షితమే, ఎందుకంటే మధ్యలో ఆరు నెలల ఎడం ఉంది. రెండు చోట్ల రెండుసార్లు పోయించకుండా చూసుకుంటే చాలు.

మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే గమ్మీలు, ఐరన్ మాత్రలు అందని ఎత్తులో పెట్టండి. చాక్లెట్ అనుకుని గుప్పెడు ఐరన్ మాత్రలు మింగితే పసిపిల్లల ప్రాణాల మీదకి వస్తుంది, దీంట్లో అతిశయోక్తి లేదు. పసిబిడ్డలకు రోజూ వేసే డి చుక్కల మందు కొత్త సీసా కొన్న ప్రతిసారీ ఒక మిల్లీలీటరులో ఎన్ని యూనిట్లో చూడాలి. 400 ఉన్న కంపెనీ బదులు 800 ఉన్నది ఇచ్చి, పాత లెక్కనే డ్రాపర్ నింపితే డోసు రెట్టింపయినట్టే.

ఇంతా చదివి అన్నీ చెత్తబుట్టలో వేయకండి. గర్భిణులకు ఆరోగ్య కేంద్రంలో 180 రోజులకు ఇచ్చే ఐరన్ ఫోలిక్ యాసిడ్ మాత్రలు తప్పనిసరి. గర్భం ప్లాన్ చేసుకునేవాళ్లకు ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ కావాలి. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో తయారుచేసిన మందు అది, ఎంతమంది బిడ్డలను కాపాడిందో లెక్కలేదు. పాలు కూడా పెద్దగా తీసుకోని శాకాహారులకు బి12 కావాలి. డి నిజంగా తక్కువుంటే డి కావాలి. అన్నింటికీ ఇంత మోతాదు, ఇన్నాళ్లు అని చీటీ మీద ఉండాలి. లేకపోతే అక్కడే అడిగి రాయించుకోండి.

మామయ్యగారికి ఎలా చెప్పాలన్నది మీ అసలు ఇబ్బంది అయ్యుంటుంది. కోడలు చెబితే వినాలా అనుకోవచ్చు, కొడుకు ప్రేమతో తెచ్చింది వద్దంటారా అని చిన్నబుచ్చుకోవచ్చు. లెక్కల మాస్టారు కదా, లెక్క ఆయన చేతే వేయించండి. స్ట్రిప్పులు, సీసాలు, భూతద్దం, ఒక తెల్లకాగితం ముందు పెట్టి, "మామయ్యగారూ, వీటిల్లో డి మొత్తం రోజుకెంతవుతుందో కాస్త చూసి పెడతారా, డాక్టరుగారు రాసుకు రమ్మన్నారు" అనండి. ఒక చోట యూనిట్లు, ఒక చోట మైక్రోగ్రాములు, ఒకటి వారానికి, ఒకటి రోజుకు. ఇలాంటి లెక్కంటే మాస్టార్లకు హుషారు. మొత్తం 15 వేలని ఆయన చేతిరాతతో వచ్చాక పక్కన 4,000 అని మీరు రాయండి. డాలస్ మరిదికి కూడా ఆ కాగితం ఫొటో తీసి పంపండి. ఈసారి వచ్చేటప్పుడు సీసాల బదులు నడకకు మంచి బూట్లు తెమ్మనండి.

రిపోర్టు రాగానే కాల్షియం, ఆల్బుమిన్, క్రియాటినిన్, డి అంకెలు నాలుగూ, బీపీ మాత్ర పూర్తి పేరు రాసి పంపండి. కాల్షియం 12 దాటితే నాకు రాస్తూ కూర్చోకండి, ఆ రాత్రికే అడ్మిట్ చేయించండి.